తెర పచ్చన, వాగు నల్లన

మన కర్మాగారాలకు ముందుగా అభినందనలు. ఇంతకాలం పొగ వదిలినవి, నురగ వదిలినవి ఇప్పుడు డేటా వదులుతున్నాయి. డేటాకు కంపుండదు. అది కళ్లు మండించదు. దానికి రంగు ఒక్కటే ఉంటుంది, అదీ ఆకుపచ్చే. ఏ సస్టైనబిలిటీ సదస్సుకు వెళ్లినా ఇదే దర్శనం: వణుకు పుట్టించే ఏసీ, గోడంత తెర, తెర నిండా గుండ్రటి మీటర్లు, ప్రతి మీటరు ముల్లూ ఆకుపచ్చ గడిలో కునుకు తీస్తూ ఉంటుంది. వేదిక మీద కోటు తొడుక్కున్న పెద్దమనిషి 'రియల్ టైమ్' అంటాడు, 'ట్రాన్స్‌పరెన్సీ' అంటాడు, గొంతు తడుపుకోవడానికి సీలు వేసిన సీసా మూత తిప్పుతాడు. తన ఫ్యాక్టరీ పక్క ఊరి బోరు నీళ్లు మాత్రం పొరపాటున కూడా అడగడు.

ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీ అన్నాక దానికి కంప్యూటర్లో ఒక 'డిజిటల్ ట్విన్' ఉండి తీరాలట. అంటే కవల తమ్ముడు. మన సినిమాల్లో కవలల కథ తెలిసిందే కదా: ఒకడు ఊరికి ఉపకారి, రెండోవాడు రౌడీ. సదస్సుకు మొదటివాడొస్తాడు, ప్రెజెంటేషన్ ఇస్తాడు, అవార్డు పుచ్చుకుంటాడు, ఫొటో దిగుతాడు. రెండోవాడు రాత్రి షిఫ్టు చేస్తాడు. హైదరాబాద్ శివార్లలో బాచుపల్లి, నిజాంపేట, బొల్లారం వైపు అర్ధరాత్రి కంపుకు లేచి కిటికీలు మూసుకునే అపార్ట్‌మెంట్ల జనానికి పరిచయం ఈ రెండోవాడితోనే. పాపం, మొదటివాడి పేరు కూడా వాళ్లెప్పుడూ విని ఉండరు.

సెన్సరు మీద నాకు కోపం లేదు. అది అబద్ధమాడదు. దానికి అబద్ధం చెప్పడం నేర్పే జీతగాడు ఎవరు, ఆ జీతం ఇచ్చేవాడు ఎవరు, అది పొరపాటున నిజం చెప్పేస్తే ఎవరి జేబులోంచి రూపాయి కదులుతుంది? పరిశ్రమలు డిజిటల్ అయితే పర్యావరణం బాగుపడుతుందా అన్న ప్రశ్నకు జవాబంతా ఈ మూడు ముక్కల్లో ఉంది. మిగతాదంతా పవర్‌పాయింటు.

2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక ఆదేశం ఇచ్చింది. మందులు, సిమెంటు, చక్కెర, కాగితం, తోళ్లు, ఎరువులు, పురుగుమందులు, ఉక్కు వంటి 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోవాలంది. పొగ గొట్టంలో ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు. కాలువ దగ్గర ఆమ్లత చెప్పే పీహెచ్, నీళ్లలో మడ్డి ఎంతో చెప్పే సీఓడీ, బీఓడీ. అంకెలు ఎడతెగకుండా కాలుష్య నియంత్రణ బోర్డు సర్వరుకు చేరాలి. హద్దు దాటితే ఎస్ఎంఎస్ వెళ్లాలి. వెళ్తుంది కూడా, బోర్డుకీ ఫ్యాక్టరీకీ. వాగు ఒడ్డున ఉన్న ఊరికి మాత్రం వెళ్లదు. ఊరికి ముక్కు ఉంది కదా, మళ్లీ ఎస్ఎంఎస్ దేనికని!

2017లో పర్యావరణ్ సురక్షా సమితి కేసులో సుప్రీంకోర్టు ఈ అంకెలను జనానికి కనపడేలా పోర్టళ్లలో పెట్టమంది. అంకెలైతే పెట్టొచ్చు. సీఓడీ ఇంత, టీఎస్ఎస్ అంత. "ఈ నీళ్లు బర్రెలకు పెట్టొచ్చా సారూ?" అని ఊరి రైతు అడిగితే మాత్రం ఆ గడి పోర్టల్లో లేదు. పారదర్శకత అంటే గాజు తలుపు. లోపల ఏముందో కనబడుతుంది, తలుపు మాత్రం తెరుచుకోదు.

ఇక యాజమాన్యం సంగతి. మీటరు కొనేది ఫ్యాక్టరీ. బిగించే వెండర్‌ని ఎంచుకునేది ఫ్యాక్టరీ. ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు డబ్బు ఇచ్చేది ఫ్యాక్టరీ. మీటరున్న గది తాళంచెవి ఫ్యాక్టరీ జేబులో ఉంటుంది. అంకె ఒక్కటే ప్రజలదట! ఆ గదిలో సంభాషణ ఎలా సాగుతుందో కాస్త ఊహించుకుందాం.

"ఏమయ్యా, సీఓడీ ఎర్రగా కొడుతోందేంటి?"

"నీళ్లు అలాగే ఉన్నాయి సార్."

"నీళ్ల సంగతి నిన్నెవరడిగారు? మీటరు సంగతి చెప్పు."

"మీటరు బాగానే ఉంది సార్. అదే ప్రాబ్లం."

"వెండర్‌కి ఫోన్ కొట్టు. రిజిస్టర్లో కాలిబ్రేషన్ అని రాయి. ఎంతసేపు పడుతుంది?"

"ట్యాంకు ఖాళీ అయ్యేదాకా సార్."

ఊహ కాబట్టి సరిపోయింది. మీటరు ప్రోబును మంచినీళ్ల బకెట్లో ముంచి ఉంచడం ఈ విద్యలో అక్షరాభ్యాసం. అంకెలు నమోదు చేసే డేటా లాగర్లోనే పై హద్దు బిగించేస్తే అది డిగ్రీ. మీటరు ఎక్కువ చూపించాల్సినప్పుడల్లా ఇంటర్నెట్ పోయేలా చేయగలిగితే పీహెచ్‌డీ.

పోనీ, ఏ చాతుర్యమూ లేని అమాయకపు ఫ్యాక్టరీ ఒకటి ఉండి, దాని మీటరు నిజమే చెప్పి, అంకె ఎర్రగా మెరిసిందనుకోండి. అప్పుడేమవుతుంది? కోర్టులో కేసు నిలబడాలంటే 1974 నాటి నీటి చట్టం 21వ సెక్షన్ ఉంది. అధికారి స్వయంగా రావాలి. సాంపిల్ పరీక్షకు పంపబోతున్నామని అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. ఫ్యాక్టరీ పెద్దమనిషి ఎదుటే సాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీసాల్లో పోసి, సీలు వేసి, సంతకాలు పెట్టించాలి. ఈ తంతు జరగకపోతే ఆ పరీక్ష ఫలితం సాక్ష్యంగా చెల్లదని చట్టమే చెబుతోంది. అంటే ఉపగ్రహాలు, సర్వర్లు, ఫైబర్ కేబుళ్లు దాటుకుంటూ సెకనులో వచ్చిన అంకె గుమ్మం బయట నిలబడాలి. జీపులో వచ్చిన సీసా లోపలికెళ్లాలి. జీపు గేటు దగ్గర విజిటర్స్ బుక్కులో పేరు రాస్తుండగా లోపల ఎంత శుద్ధి జరిగిపోతుందో ఏ మీటరూ కొలవలేదు.

సీసా కూడా నేరం రుజువు చేసిందనుకుందాం. భయపడకండి, దానికీ మందు కనిపెట్టారు. పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు ఒకప్పుడు ఐదేళ్ల దాకా జైలు రాసి ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టం దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. జనం మీద విశ్వాసం అని పేరు, ఏ జనం మీదో చెప్పలేదు. పదిహేను లక్షలంటే మామూలు మనిషికి ఇల్లు అమ్ముకోవాల్సినంత డబ్బు. వందల కోట్ల టర్నోవరున్న ఫ్యాక్టరీకి డ్యాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ ఖర్చు కింద కలిపేసుకోదగ్గ పద్దు.

ఇంతకీ మీటర్లు ఏం కొలుస్తాయో చెప్పుకున్నాం. ఏం కొలవవో చెప్పుకోవద్దూ? హైదరాబాద్ శివారులోని పటాన్‌చెరు చరిత్ర దీనికి పాఠ్యపుస్తకం. అక్కడ సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు తీసుకునే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయిపోయింది అనుకుని బయటికి వదిలిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. ఆ లెక్కన రోజుకు దాదాపు 45 కిలోలు పోతోందనీ, స్వీడన్ దేశమంతా కలిసి ఐదు రోజుల్లో వాడే మందు అంతేననీ వాళ్లు లెక్కకట్టారు. అక్కడ డాక్టరు చీటీ లేనిదే మాత్ర ఇవ్వరు. పటాన్‌చెరు నీళ్లు చేరే మన నక్కవాగులో చేపకు చీటీ అడిగే నాథుడు లేడు. ఉచిత వైద్యం ఇంత ఘనంగా అమలైన వాగు ప్రపంచంలో ఇంకొకటి ఉండదు. అందులో చావగా మిగిలిన బ్యాక్టీరియా మందులకు లొంగకుండా రాటుదేలి ఊళ్ల మీద పడితే, ఆ సంగతి ఇంకో శాఖ చూసుకుంటుంది.

సీఓడీ మీటరు దృష్టిలో ఈ సిప్రోఫ్లాక్సాసిన్‌కు పేరూ ఊరూ లేదు. మొత్తం మడ్డి లెక్కలో అదీ ఒక చుక్క. పేరు పెట్టి పట్టుకోవాలంటే ముందు చట్టంలో దానికి హద్దు రాయాలి. రాయబోయారు కూడా. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదాలో 121 యాంటీబయాటిక్‌లకు హద్దులు ప్రతిపాదించింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ పట్టిక లేదు. కాలుష్యాన్ని ఇంత చవగ్గా, ఇంత పూర్తిగా తొలగించిన శుద్ధి ప్రక్రియ మరొకటి లేదు: కరెంటు అక్కర్లేదు, రసాయనాలు అక్కర్లేదు, డిలీట్ బటన్ చాలు. హద్దు లేనిదానికి ఉల్లంఘన లేదు. ఉల్లంఘన లేనిచోట తెర పచ్చగా కాక ఇంకెలా ఉంటుంది?

ఉన్న మీటరు ఎక్కడ పెట్టారన్నది ఇంకో కథ. ఈ కథ దగ్గర నవ్వడం నా వల్ల కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిందేమంటే, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు. పైన స్టైరీన్ కాగుతుంటే అడుగున మీటరు అంతా కుశలమని చెబుతూ వచ్చింది. అది అబద్ధం కాదు. దాన్ని అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే ఇచ్చింది. ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలుండేది. ఆ రాత్రి ఒక్కచోట నుంచీ మోగలేదు. ఊరిని లేపింది సైరన్ కాదు, ఊపిరాడకపోవడం. ఆటోమేషన్ గురించి ఉపన్యాసాలు దంచేవాళ్లు ఈ 36 అంకెను తమ మొదటి స్లైడు మీద రాసుకోవాలి.

ఈ తెలివి మన సొత్తేనని గర్వపడకండి. జర్మనీ వాళ్లు మనకన్నా పద్ధతైనవాళ్లు. మనం బకెట్ దగ్గర ఆగితే వాళ్లు సాఫ్ట్‌వేర్ రాశారు. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలోని ప్రోగ్రాము, బండి పరీక్షలో ఉందో రోడ్డు మీద ఉందో కనిపెట్టేది. పరీక్షలో బుద్ధిగా ఉండేది, రోడ్డెక్కాక నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దుకు 40 రెట్ల దాకా వదిలేది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈ గుట్టు బయటపెట్టింది. అలాంటి కార్లు ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షలని కంపెనీయే ఒప్పుకుంది. ఎవరైనా చూస్తున్నప్పుడు ఒక నడవడి, చూడనప్పుడు ఇంకో నడవడి! కృత్రిమ మేధ మనిషిని అందుకోవడానికి ఇంకా ఏళ్లు పడుతుందంటారు గానీ, ఆ ఇంజను ఎప్పుడో అందుకుంది.

ఇప్పుడు నివేదికల పండగ. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశం ప్రకారం బీఆర్ఎస్ఆర్ అనే సుస్థిరత నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. కరెంటు ఎంత, నీళ్లెన్ని, చెత్తెంత అన్నీ రాయాలి. మంచిదే. అయితే ముడిసరుకు అమ్మినవాడి దగ్గర, రవాణా చేసినవాడి దగ్గర, సరుకు వాడినవాడి దగ్గర పుట్టే గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క, అదే స్కోప్ 3, చెప్పడం ఐచ్ఛికం. దాన్ని 'నాయకత్వ సూచికలు' అనే, ఇష్టమైతేనే నింపే గడుల్లో చేర్చారు. మసిపని మొత్తం పటాన్‌చెరులోని జాబ్‌వర్క్ యూనిట్‌కు ఇచ్చేసి, ముంబై హెడ్డాఫీసు మీద సోలార్ పలకలు పరుచుకున్న కంపెనీకి ఇంతకన్నా మర్యాదైన ఫారం దొరకదు.

ఆ నివేదికల్లో ఒక ముద్దుల అంకె ఉంటుంది: ఇంటెన్సిటీ. అంటే టన్ను సరుకుకు ఎంత కాలుష్యం అని. సెన్సర్లు పెట్టారు, మోటార్ల వేగం కంప్యూటర్ అదుపు చేస్తోంది, బట్టీలో వేడి వృథా కావడం లేదు, టన్నుకు కాలుష్యం నిజంగానే తగ్గింది. చప్పట్లు కొట్టండి. తర్వాత టన్నులు రెట్టింపయ్యాయి. చప్పట్లు ఆపకండి. యంత్రం పొదుపు చేసే కొద్దీ బొగ్గు వాడకం పెరుగుతుందే గానీ తగ్గదని జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త 1865లోనే రాసిపెట్టాడు. వాగుకు ఇంటెన్సిటీ తెలియదు. దానికి వచ్చి పడిన మొత్తమే తెలుసు.

ఈ పచ్చటి అంకెలన్నీ ఉండే ఇల్లు కూడా ఊరికే నడవదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనాలో 2024లో ప్రపంచ డేటా సెంటర్లు 415 టెరావాట్ అవర్ల కరెంటు తిన్నాయి. 2030కి అది 945 అవుతుందంటున్నారు. 2025 అక్టోబరులో విశాఖలో 1500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి కేంద్రం కడతామని గూగుల్ ప్రకటించింది కాబట్టి ఆ భోజనాల బంతిలో మనకూ ఒక విస్తరి పడింది. అరిగిపోయిన సెన్సర్లు, బోర్డులు, తెరలు చివరికి చేరేది ఈ-వ్యర్థాల గుట్టలకు. 2022లో ప్రపంచం 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వ్యర్థాలు పుట్టిస్తే, లెక్కాపత్రంతో రీసైకిల్ అయింది 22.3 శాతమే. మిగతాదాని డ్యాష్‌బోర్డు ఇంకా తయారు కాలేదు.

అయితే డిజిటల్ దండగేనా? ఇక్కడే మన సదస్సుల పెద్దలకు రుచించని చిక్కు ఉంది. అది పనిచేస్తుంది. దానితో పనిచేయించుకుంటే! గుజరాత్‌లో ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికోలస్ రయన్ అనే ఆర్థికవేత్తలు పర్యావరణ ఆడిటర్ల మీద రెండేళ్లు ప్రయోగం చేశారు. ఫ్యాక్టరీయే ఎంచుకుని డబ్బిచ్చే ఆడిటర్ల నివేదికల్లో ధూళి అంకెలు చిత్రంగా హద్దుకు వెంట్రుకవాసి కిందే కుప్పపడ్డాయి. ధూళి పరీక్షల్లో 29 శాతం హద్దు దాటినవే అయినా పాసయ్యాయి. ఇంకో జట్టు ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను చీటీ తీసి కేటాయించారు, ఉమ్మడి నిధి నుంచి జీతం ఇచ్చారు, వాళ్లు కొలిచినచోట ఇంకొకరితో మళ్లీ కొలిపించారు. ఆడిటర్లకు నిజం గుర్తొచ్చింది. అంతకన్నా వింత, ఫ్యాక్టరీల కాలుష్యం కూడా తగ్గింది. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

2019లో సూరత్‌లో ఇంకో అడుగు వేశారు. అవే ఆన్‌లైన్ మీటర్లు, అవే పొగ గొట్టాలు. కానీ ఈసారి అంకెకు రూపాయిని ముడివేశారు. ధూళి వదలాలంటే ముందు పర్మిట్ ఉండాలి. ఎక్కువ వదిలేవాడు కొనుక్కోవాలి, తక్కువ వదిలేవాడు అమ్ముకోవచ్చు. లెక్క తేలినప్పుడు పర్మిట్లు చాలకపోతే ముందే కట్టించుకున్న డిపాజిట్‌లోంచి కోత. ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని పరిశోధకులు తేల్చారు. ఫ్యాక్టరీలు మూతపడలేదు, పెట్టుబడులు పక్క రాష్ట్రానికి పారిపోలేదు, ఆకాశం విరిగి పడలేదు. కాస్త తేటపడింది, అంతే.

కాబట్టి మన ప్రభుత్వాలకు నా విన్నపం. ప్రపంచంలో లేని వింతలేమీ వద్దు, మన రోడ్ల మీద ఉన్నదే చాలు. కారులో టోల్‌గేటు దాటుతుంటే ఫాస్టాగ్ మనల్ని సాంపిల్ అడగదు. నోటీసు ఇవ్వదు. మన సమక్షంలో సీసాకు సీలు వేయదు. సెకనులో ఖాతాలోంచి డబ్బు లాగేసి, ఆ తర్వాత మెసేజ్ పంపుతుంది. ట్యాగ్ లేకపోతే అదనంగా కట్టమంటుంది. నాలుగు చక్రాల మధ్యతరగతి మీద ఇంత నమ్మకంగా పనిచేస్తున్న సాంకేతికతను ఒక్కసారి పొగ గొట్టం మీద కూడా నమ్మి చూడండి. చిమ్నీకి ఒక ఫాస్టాగ్, కాలువకు ఒక ఫాస్టాగ్. మీటరు డబ్బు ఫ్యాక్టరీ దగ్గర వసూలు చేసి ఉమ్మడి నిధిలో వేయండి. వెండర్‌ను చీటీ తీసి పంపండి. తాళంచెవి బోర్డు దగ్గర పెట్టుకోండి. అంకెను పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో రాయించండి, గొడ్డుకు పట్టొచ్చో లేదో కూడా కలిపి. నీటి చట్టంలో మీటరుకు కూడా సాక్షి బోనులో చోటివ్వండి. ఎత్తేసిన ఆ 121 మందుల పట్టికను మళ్లీ తెచ్చి పెట్టండి.

ఇంకొక్కటే. మీటరు ఆగిన గంటలను ఖాళీగా వదలకండి. అంకె రాని ప్రతి గంటనూ హద్దు దాటిన గంటగానే లెక్కకట్టి రూపాయలు కోయండి. కాలిబ్రేషన్లు ఎంత చకచకా పూర్తవుతాయో, అర్ధరాత్రి కూడా ఇంటర్నెట్ ఎంత దివ్యంగా పనిచేస్తుందో అప్పుడు చూద్దురుగాని.